చవక మజిల్‌లోడర్ కొన్నారా? మందు దట్టించే ముందు ఇవి చూసుకోండి

పెట్టె తెరవగానే అందరూ చేసేది ఒకటే. తుపాకీ భుజానికి ఆనించి గోడ మీద మచ్చకి గురి చూస్తారు. నేనూ అదే చేశాను. ఆ పూటే ఒక చిన్న లైటు వేసి గొట్టం లోపల చూసుంటే తర్వాత మూడు వారాలు తల పట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. మజిల్‌లోడర్ అంటే తెలుసుగా, మూతి వైపు నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించి కాల్చే రకం. (ఇక్కడ మందు అంటే తుపాకీ మందే, ఇంకోటి కాదు.) తక్కువ ధరలో వచ్చే ఈ రైఫిళ్ళలో తయారీ లోపాలు ఎక్కడ ఉంటాయో, ఇంట్లో బల్ల మీద పెట్టుకుని వాటిని ఎలా పట్టుకోవాలో, వాటిలో ఏవి మనమే సరిచేసుకోవచ్చో, ఏవి మారుమాట లేకుండా వెనక్కి పంపాలో చెప్తాను. లైసెన్సు సంగతి మీరున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది, అది ముందే తేల్చుకోండి.

చవక తుపాకీ అనగానే ఇనుము నాసిరకం అనుకుంటారు. పేరున్న కంపెనీల చవక రకాల్లో నేను చూసినంతవరకు గొట్టం ఉక్కు గురించి భయపడాల్సింది తక్కువ. వాళ్ళు డబ్బు మిగుల్చుకునేది ఆఖరి గంట చేతిపని దగ్గర. గాడి (గుండు సుడి తిరిగేలా గొట్టం లోపల కోసిన మెలిక గీత) అంచులు నునుపు చెయ్యడం, బెజ్జంలో ఇరుక్కున్న ఇనుప రజను తీయడం, లాక్ (ట్రిగ్గర్ లాగితే మందుకి నిప్పు పెట్టే యంత్రాంగం) భాగాలు సరిగ్గా గట్టిపడ్డాయో లేదో చూడటం, కర్రలో (తుపాకీ చెక్కభాగం) గొట్టం కూర్చునే గాడిని తీరుగా చెక్కడం, ఇలాంటివన్నీ మనిషి కూర్చుని చెయ్యాల్సిన పనులు, ఖరీదైన తుపాకీలో మీరు డబ్బు కట్టేది వీటికే, చవకదానిలో ఆ గంట పని మీ నెత్తిన పడుతుంది.

గొట్టం మీద ప్రూఫ్ ముద్ర ఉందిగా, ఇంకేం చూడాలి అని అడిగేవాళ్ళు ఉంటారు. ఇటలీలో గార్దోనె, స్పెయిన్‌లో ఐబార్ ప్రూఫ్ హౌసుల్లో మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పడేలా కాల్చి చూసి ఆ ముద్ర వేస్తారు. ఇటలీ తుపాకీల మీద పీ, ఎన్ అనే అక్షరాలు కనిపిస్తే నల్లమందుకు (బ్లాక్ పౌడర్, పాతకాలపు పొగ వచ్చే తుపాకీ మందు) మాత్రమే అని అర్థం. మంచిదే, గొట్టం ఆ దెబ్బకి తట్టుకుందని తెలుస్తుంది. కానీ హాఫ్ కాక్ (హామర్, అంటే కొట్టే సుత్తి, సగం వెనక్కి లాగి ఆపే భద్రత మెట్టు) నిలుస్తుందో లేదో, మందుకి నిప్పు చేరే దారి శుభ్రంగా ఉందో లేదో, కడ్డీ కొన ఊడుతుందో లేదో ఆ ముద్ర చెప్పదు. అమెరికాలో అయితే ప్రభుత్వం తప్పనిసరి చేసిన ప్రూఫ్ పరీక్షే లేదు.

బల్ల మీద ఇవి పెట్టుకోండి: చిన్న ఎల్ఈడీ లైటు, చెవి పుల్లలు నాలుగు, తెల్ల నూలు గుడ్డ ముక్కలు, కడ్డీకి సరిపోయే జాగ్ (గుడ్డను పట్టి ఉంచే కొస ముక్క), సన్న ఆకురాయి ఒకటి, సరిపోయే స్క్రూడ్రైవర్లు (సరిపోయేవి అంటే సరిపోయేవే, వంటింటి డ్రాయర్లోది కాదు), ఫోనుకి తగిలించే ఎండోస్కోప్ కెమెరా ఉంటే అదీ. ఆ కెమెరా గురించి ఒక హెచ్చరిక, అందులో చూస్తే ప్రతి గొట్టమూ దున్నిన పొలంలాగే ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడి తుపాకీ వెనక్కి పంపినవాళ్ళు ఉన్నారు. అది చూపించింది నిజంగా తేడా చేస్తోందా లేదా అన్నది గుడ్డ ముక్క చెప్తుంది, దాని దగ్గరికి వస్తా.

మొదట, లోపల మందు ఉందేమో

సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే ఇది చెయ్యకుండా ఇంకే పనీ చెయ్యకండి. కొత్తదైనా చెయ్యండి, అరనిమిషం పని. మామూలు తుపాకీలా తెరిచి చూడ్డానికి దీనికి వెనక తలుపు ఉండదు, ఎప్పుడో దట్టించి కాల్చకుండా గోడకి ఆనించిన తుపాకీ ఏళ్ళ తర్వాత కూడా పేలగలదు. క్యాప్ (హామర్ కొడితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) లేదని, చెకుముకి రకమైతే పాన్‌లో (పక్కనుండే చిన్న గిన్నె) రంజకం, అంటే ముందుగా అంటుకునే మందు, లేదని చూసుకుని, మొహం, చెయ్యి మూతికి ఎదురుగా రాకుండా పక్కనుంచి కడ్డీని గొట్టంలోకి అడుగు తగిలేదాకా దింపండి. మూతి దగ్గర కడ్డీ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇప్పుడు కడ్డీ బయటికి తీసి, ఆ గీత మూతి దగ్గర ఉండేలా గొట్టం పక్కన పెట్టి చూడండి, అవతలి కొస నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న మొలక) దగ్గరికో రంజకపు బెజ్జం (పాన్ నుంచి గొట్టంలోకి నిప్పు వెళ్ళే బెజ్జం) దగ్గరికో రావాలి. కొన్నింటిలో అడుగున మందు కూర్చునే గది గొట్టం కంటే సన్నగా ఉంటుంది, జాగ్ అందులోకి దూరదు, అందుకని అంగుళం లోపు తేడా మామూలే. రెండంగుళాల తేడా వస్తే మాత్రం నమ్మకండి. 50 క్యాలిబర్‌లో (అర అంగుళం గొట్టం) 70 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే మందు కొలిచే లెక్క) మందు, దాని మీద గుండు కలిపి దాదాపు అంత ఎత్తే ఉంటాయి. అప్పుడు పని ఆపేసి, దట్టించినదాన్ని దించడం తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. స్క్రూ తిప్పి గుండు లాగేస్తా అని సొంత వైద్యం వద్దు.

గొట్టం

ముందు పొడి గుడ్డలతో ఫ్యాక్టరీ గ్రీజు మొత్తం తీసేయండి. ఆ గ్రీజు తుప్పు రాకుండా పూస్తారు కానీ కింద అప్పటికే పట్టిన తుప్పును కూడా అదే దాస్తుంది. గుడ్డ మీద నల్లగా వస్తే పర్వాలేదు, ఇటుక రంగు వస్తే మళ్ళీ మళ్ళీ తుడిచి చూడండి, ఐదారు గుడ్డల తర్వాత కూడా ఎర్రగానే వస్తుంటే లోపల గుంటలు పడి ఉండొచ్చు.

తర్వాత జాగ్‌కి కాస్త బిగువుగా ఉండే నూనె గుడ్డ చుట్టి మూతి నుంచి అడుగుదాకా ఒకే తీరుగా, నెమ్మదిగా తోయండి. కళ్ళు మూసుకుని చెయ్యమంటాను నేను, నవ్వకండి, చేతికి తెలిసేది అప్పుడు బాగా తెలుస్తుంది. అంతా ఒకే బిగువు ఉండాలి. మధ్యలో ఒకచోట హఠాత్తుగా వదులైతే అక్కడ గొట్టం వెడల్పుగా ఉందని, గరగరమంటూ ఆగితే గాడి కోసిన పనిముట్టు జారి గీతలు పెట్టిందని అర్థం. మూతి దగ్గర వదులు, లోపల బిగువు అయితే గురికి మంచిది కాదు. మూతి దగ్గర కొంచెం బిగువైతే దట్టించడం కష్టమే తప్ప గురికి నష్టం లేదు, కొందరు అదే కోరుకుంటారు కూడా.

మూతి అంచు, క్రౌన్ అంటారు, గుండు బయటికి వచ్చేటప్పుడు చివరిగా తాకేది అదే. చెవి పుల్ల తీసుకుని గాడి లోపలి నుంచి బయటికి ఒక్కో గాడి వెంట లాగండి. దూది పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ బర్ర (కోసినప్పుడు మిగిలిపోయిన ఇనుప ముల్లు) ఉంది. చవక రైఫిళ్ళలో ఎక్కువగా దొరికే లోపం ఇదే, సులభంగా పోయేదీ ఇదే. సన్న గరుకు కాగితం, 400 నంబరు తర్వాత 600, బొటనవేలి కింద పెట్టి మూతి మీద గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్యలో గొట్టాన్ని పావు వంతు తిప్పుకుంటూ నాలుగైదు నిమిషాలు రుద్దితే సరి. గొట్టం లోపలికి రజను పడకుండా కిందికి ఒక నూనె గుడ్డ కుక్కండి. క్రౌన్ ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ కోసి ఉంటే మాత్రం అది కాగితంతో పోదు, లేత్ మీద మళ్ళీ కోయించాలి.

ఇప్పుడు గుడ్డ సాక్ష్యం. గుండ్రటి సీసపు గుండు, దాని చుట్టూ నూలు గుడ్డ పెట్టి కాల్చే రకమైతే, కాల్చాక ఆ గుడ్డలు పది పదిహేను అడుగుల దూరంలో పడి ఉంటాయి. వెళ్ళి ఏరుకోండి. నా మొదటి తుపాకీతో ఇది చెయ్యడానికే నాకు మూడు వారాలు పట్టింది. మందు మార్చాను, గుండు సైజు మార్చాను, సైట్లు అటూ ఇటూ జరిపాను, యాభై గజాల్లో గుండ్లు పళ్ళెమంత వెడల్పున చెదిరిపోతూనే ఉన్నాయి. చివరికి ఒకాయన నా వెనక నుంచి వంగి, గడ్డిలోంచి ఒక గుడ్డ తీసి వెలుతురుకి పట్టి చూపించాడు. దాని అంచు చుట్టూ సమానమైన ఎడంలో బ్లేడుతో కోసినట్టు చీలికలు, లెక్కపెడితే సరిగ్గా నా గొట్టంలో గాళ్ళు ఎన్నో అన్ని. గాళ్ళ అంచులు ఫ్యాక్టరీలో కోసినవి కోసినట్టే ఉండిపోయి గుడ్డను కోసేస్తున్నాయి, గుండు గాడి పట్టకుండానే బయటికి పోతోంది.

గుడ్డ చదవడం కష్టమేం కాదు. మధ్యలో గుండు కూర్చున్న మచ్చ నల్లగా ఉండి చుట్టూ అంతా నిలిచి ఉంటే గొట్టం బాగున్నట్టే. అంచు చుట్టూ కోతలు ఉంటే గాళ్ళ అంచులు గానీ, క్రౌన్ గానీ పదునుగా ఉన్నాయి. మచ్చ చుట్టూ వలయంలా కాలి చిల్లులు పడితే గుడ్డ పలచన లేదా గుండు చిన్నది, అది తుపాకీ తప్పు కాదు, 50 క్యాలిబర్‌కి 0.490 అంగుళాల గుండు పెడుతున్నవాళ్ళు గుడ్డ మందం పెంచి చూడండి. పాలియెస్టర్ కలిసిన గుడ్డ వాడి, అది కరిగి గొట్టానికి అంటుకుంటే కంపెనీని తిట్టినవాళ్ళనీ చూశాను, నూలు మాత్రమే వాడాలి.

పదును గాళ్ళకి వైద్యం ఓపిక. నాలుగు సున్నాల స్టీల్ ఊల్ (అతి సన్న ఇనుప పీచు) జాగ్‌కి చుట్టి, నూనె వేసి, అడుగు నుంచి మూతిదాకా ఒకే వేగంతో యాభై సార్లు. కడ్డీ మూతికి రాసుకోకుండా గైడ్ పెట్టుకోండి, లేకపోతే లోపల నునుపు చేస్తూ క్రౌన్ పాడుచేసుకుంటారు. తర్వాత రజను పూర్తిగా కడిగేయండి. నాది ఇంకా రెండు సార్లు చేస్తే గానీ లొంగలేదు. అంత ఓపిక లేకపోతే వందో రెండొందలో కాల్చండి, గాళ్ళు వాటంతట అవే నునుపు తేలతాయి, కాకపోతే ఆ ఖర్చు స్టీల్ ఊల్ కంటే ఎక్కువ.

ఏం చేసినా సాబోట్ తూటాలు (ప్లాస్టిక్ తొడుగులో కూర్చునే పొడుగు తూటాలు) గురికి రావట్లేదని ఇంకో ఫిర్యాదు వింటుంటాను. గాడి మెలిక చూడండి. 66 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే గొట్టం గుండ్రటి గుండుకి, 28 అంగుళాలకి ఒక చుట్టు తిరిగేది పొడుగు తూటాలకి, 48 అన్నది రెండింటికీ రాజీ. అది లోపం కాదు, కొనేటప్పుడు చూసుకోని తప్పు.

నిప్పు దారి

క్యాప్‌లాక్ (క్యాప్‌తో పేలే రకం) అయితే క్యాప్ నిప్పు నిపుల్ సన్న బెజ్జంలోంచి వెళ్ళి, చాలావాటిలో అక్కడ మలుపు తిరిగి మందుకి చేరాలి. ఆ దారిని రెండు వైపుల నుంచి తొలుస్తారు, రెండు బెజ్జాలు కలిసే చోట చిన్న ఇనుప రేకు వేలాడుతూ మిగిలిపోవడం, దానికి గ్రీజు అంటి గట్టిపడటం చవక రకాల్లో మామూలు. క్యాప్ పేలుతుంది, తుపాకీ పేలదు. జనం మందుని తిడతారు.

పరీక్ష చాలా తేలిక, సరదాగా కూడా ఉంటుంది. గొట్టం ఖాళీ అని పైన చెప్పినట్టు మళ్ళీ చూసుకుని, బయట నేల మీద ఒక ఎండుటాకు దగ్గర మూతి పెట్టి, జానెడు దూరంలో, క్యాప్ ఒకటి పేల్చండి. ఆకు కదలాలి. మూడు క్యాపుల్లో ఒక్కసారి కూడా ఆకు ఉలకకపోతే దారి మూసుకుపోయింది. నిపుల్ ఊడదీసి, పైప్ క్లీనర్‌ని స్పిరిట్‌లో ముంచి లోపల తిప్పండి. నా దాంట్లోంచి గోరు ముక్కంత ఇనుప చీలిక బయటపడింది, దాన్ని ఇప్పటికీ ఒక అగ్గిపెట్టెలో దాచుకున్నాను. పక్కనుంచి లోపలికి వెళ్ళే దారికి చాలా తుపాకీల్లో శుభ్రం చేసుకునే స్క్రూ ఒకటి ఉంటుంది, అది ఫ్యాక్టరీలో బిగించిన బిగువుకి తల అరిగిపోయేలా ఉంటే ముందు రాత్రి పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి తెల్లారాక తిప్పండి.

నిపుల్ తీసినప్పుడే దాని మరలు చూడండి. అమెరికా పద్ధతి తుపాకీల్లో పావు అంగుళం, అంగుళానికి 28 మరలు ఉన్నది వస్తుంది, యూరప్‌లో చేసిన చాలావాటిలో ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ మర. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పావు అంగుళం బెజ్జంలో మెట్రిక్ నిపుల్ పెడితే వదులుగానే అయినా కూర్చుంటుంది, కాల్చినప్పుడు అది మీ మొహం వైపు ఎగిరి రావచ్చు. సెకండ్ హ్యాండ్ తుపాకీల్లో పాత యజమాని ఏది దొరికితే అది పెట్టేసి ఉంటాడు, అందుకే చేత్తో తిప్పేటప్పుడు నిపుల్ అటూ ఇటూ ఊగుతుందా చూడండి. ఊగితే వాడొద్దు.

క్యాప్ మొదటి దెబ్బకి పేలక రెండో దెబ్బకి పేలుతుంటే, నిపుల్ కోన్ లావై క్యాప్ పూర్తిగా కూర్చోవట్లేదన్నమాట, మొదటి దెబ్బ దాన్ని కూర్చోబెట్టడానికే సరిపోతోంది. కోన్‌ని డ్రిల్లులో పెట్టి సన్న కాగితంతో కొద్దికొద్దిగా తగ్గించొచ్చు, లేదా మంచి నిపుల్ కొనుక్కోండి, ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ లాభం ఇచ్చేది అదే. కాల్చిన ప్రతిసారీ హామర్ వెనక్కి తన్ని హాఫ్ కాక్‌లోకి వస్తుంటే నిపుల్ బెజ్జం పెద్దదైపోయింది, మార్చాలి.

పక్కన డ్రమ్ (నిపుల్ బిగించే గుండ్రటి ముక్క, గొట్టం పక్కకి మరలతో ఎక్కుతుంది) ఉన్న రకాల్లో ఇంకోటి. డ్రమ్ అడుగుభాగం లాక్ ప్లేట్ గాడిలో ఆని ఉండాలి. కాగితం ముక్క దూరేంత ఖాళీ ఉంటే హామర్ కొట్టిన ప్రతి దెబ్బ డ్రమ్ మరల మీదే పడుతుంది, కొన్నాళ్ళకి వంగుతుంది.

బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక కొసను మూసే బిరడా) సంగతి. పాతకాలపు తరహా సైడ్‌లాక్ (లాక్ పక్కన ఉండే) రైఫిళ్ళలో దాన్ని ఊడదీసే ప్రయత్నం చెయ్యకండి, అది మీ పని కాదు. నా అలవాటేంటంటే గొట్టాన్ని కర్ర నుంచి తీసి, నిపుల్ బెజ్జం మూసి, మూతి పైకి పెట్టి, రెండు చెంచాల పల్చటి నూనె పోసి, అడుగు చుట్టూ పొడిగా తుడిచి రాత్రంతా నిలబెడతాను. పొద్దున ప్లగ్ చుట్టూ ఉన్న గీతలో తడి కనిపిస్తే మరలు సరిగ్గా కూర్చోలేదు, అది వెనక్కి పంపాల్సిన తుపాకీ. నూనె రాగలిగిన చోట మసి కూడా చేరుతుంది, మసి తేమని పీలుస్తుంది, లోపలి నుంచి తుప్పు తింటుంది.

లాక్, ట్రిగ్గర్

ఇక్కడ మొహమాటం వద్దు. ఖాళీ తుపాకీని హాఫ్ కాక్‌లో పెట్టి, హామర్‌ని బొటనవేలితో కాపు కాస్తూ ట్రిగ్గర్ గట్టిగా లాగండి. పడకూడదు. తర్వాత ఫుల్ కాక్‌లో (హామర్ పూర్తిగా వెనక్కి లాగి) పెట్టి ట్రిగ్గర్ ముట్టుకోకుండా హామర్ వెనక నుంచి బొటనవేలితో ముందుకు నెట్టండి. పడకూడదు. పిడిని అరచేత్తో రెండు మూడు సార్లు చరిచి చూడండి, అప్పుడూ పడకూడదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆకురాయి పట్టుకోవద్దు, యూట్యూబ్ చూడొద్దు, వెనక్కి పంపేయండి. లోపలి గంటు మెత్తగా ఉందో, వంకరగా కోశారో మనకి బయటికి కనపడదు, మీరు నునుపు చేద్దామని రెండు సార్లు రుద్దితే గట్టిపరిచిన పైపొర పోయి లోపలి మెత్తటి ఇనుము బయటపడుతుంది. నెల తర్వాత అది ఎప్పుడో మీరనుకోని క్షణంలో జారుతుంది.

ట్రిగ్గర్ బరువుగా, గరుగ్గా ఉండటం మాత్రం లోపం కంటే చవకతనం. లాక్ విప్పి పాత గ్రీజు కడిగి కొత్తది సన్నగా పూస్తే సగం పోతుంది. హామర్ మెల్లగా పడుతుంటే ఒకసారి లాక్ పట్టి ఉంచే పక్క బోల్టు పావు చుట్టు వదులు చేసి చూడండి. కర్రలో గాడి సరిగ్గా చెక్కకపోతే బోల్టు బిగించినకొద్దీ లోపలి భాగాలు చెక్కకి రాసుకుంటాయి, స్ప్రింగు బలహీనం అనుకుని కొత్త స్ప్రింగు కొన్నవాళ్ళెందరో. ఎక్కడ రాసుకుంటోందో తెలియాలంటే లాక్ లోపలివైపు కొవ్వొత్తి మసి పట్టించి పెట్టి తీయండి, చెక్క మీద నల్లమచ్చ పడ్డ చోట ఉలితో వెంట్రుకంత తీస్తే చాలు.

చెకుముకి తుపాకీ, అదే ఫ్లింట్‌లాక్, చవకలో కొనొద్దనే నా సలహా. క్యాప్‌లాక్‌లో చిన్న తప్పులు తుపాకీ క్షమిస్తుంది, దీంట్లో క్షమించదు. అయినా కొన్నారంటే ముందు ఫ్రిజెన్ చూడండి, చెకుముకి రాయి గీసుకునే ఉక్కు రెక్క. చీకటి గదిలో, రంజకం లేకుండా, ఖాళీ గొట్టంతో ఒక దెబ్బ కొట్టించండి. తెల్లగా, పసుపుగా చిటపటలాడుతూ పాన్‌లో రాలాలి. ఎర్రగా నాలుగు నలుసులు వచ్చి గాల్లోనే ఆరిపోతే ఫ్రిజెన్ మెత్తన. దాని మూలన ఆకురాయి నెమ్మదిగా జరపండి, జారిపోతే గట్టిదే, కొరికితే మెత్తన. మెత్తటిది మళ్ళీ గట్టిపరచొచ్చు కానీ ఆ పని తెలిసినవాళ్ళతో. రంజకపు బెజ్జం సుమారు పదహారో వంతు అంగుళం ఉండి పాన్ పై అంచు గీతకి దగ్గరగా ఉండాలి. మరీ కింద తొలిచి ఉంటే రంజకం దాన్ని కప్పేసి ఒత్తిలా కాలుతుంది, ట్రిగ్గర్ లాగిన తర్వాత "ష్ష్ష్... ఢాం" అని వినిపిస్తుంది, ఈలోపు గురి తప్పుతుంది. ఒక్కటి మాత్రం తుపాకీ మీద తోయకండి, ఫ్లింట్‌లాక్‌లో అసలు నల్లమందు కాకుండా పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు పోసి పేలట్లేదంటే ఎలా, వాటికి అంటుకోడానికి ఎక్కువ వేడి కావాలి.

ఇన్‌లైన్ రకాలు

ఇన్‌లైన్ అంటే నిప్పు గొట్టం వెనక నుంచి తిన్నగా మందుకి చేరే రకం. 1985లో తుపాకీల తయారీదారు టోనీ నైట్ ఎంకే-85 రైఫిల్ తెచ్చాక ఈ రకం జనంలోకి బాగా వెళ్ళింది, ఇప్పుడు చవకలో దొరికేవాటిలో చాలావరకు ఇవే, 209 షాట్‌గన్ ప్రైమర్‌తో (షాట్‌గన్ తూటాలను అంటించే నిప్పు గుళిక) పేలతాయి. వీటిలో ప్లగ్ ఊడుతుంది, ఊడాలి కూడా. కొత్తది రాగానే ఊడదీయండి. ఫ్యాక్టరీలో పొడిగా, ఎక్కువ బిగువుతో బిగించి పంపుతుంటారు, పది సార్లు కాల్చాక అది వెల్డింగ్ చేసినట్టు పట్టేస్తుంది. మరలు టూత్ బ్రష్‌తో కడిగి యాంటీ సీజ్ గ్రీజు పూసి చేత్తో తిప్పి, చివర్న మాత్రం రెంచీతో సరిపెట్టండి. చేత్తో తిరగకుండా మూడు మరలకే పట్టేస్తే మర వంకరగా కోశారు, బలవంతం చెయ్యకుండా ఫోటో తీసి ఫిర్యాదు చెయ్యండి.

ఇంకో సమస్య, ప్రైమర్ వెనక ఖాళీ. నాలుగైదు కాల్చాక ప్రైమర్ తీసి చూడండి. పక్కలు మసితో నల్లబడి, అడుగు ఉబ్బి ఉంటే నిప్పులో కొంత వెనక్కి వస్తోంది. స్కోపు అద్దం మీద మసి పడుతోందంటే అదే కారణం. సన్న ఓ-రింగు (రబ్బరు వలయం) ఒకటి ప్రైమర్ కింద పెడితే చాలావాటిలో సరిపోతుంది, తలుపు మూసేటప్పుడు వేలికి కొంచెం బిగువు తెలియాలి, అంతే. ప్లగ్ మధ్య బెజ్జం కొత్తలో సుమారు 0.03 అంగుళం ఉంటుంది, కాల్చినకొద్దీ కాలి పెద్దదవుతుంది, సరిపోయే సన్న డ్రిల్ బిట్ ఒకటి దాచుకుని దాని వెనక భాగాన్ని కొలబద్దలా వాడండి. గొట్టాన్ని కీలు దగ్గర కిందికి వంచి తెరిచే రకాల్లో గొట్టం మూసి, పట్టుకుని అటూ ఇటూ ఊపండి, టకటకమంటే కీలు వదులు, వెనక్కి.

పాత ఇన్‌లైన్ ఎవరైనా చవకగా ఇస్తామంటే సీరియల్ నంబరు అడగండి. సీవీఏ కంపెనీ 1995, 1996ల్లో తయారైన తమ ఇన్‌లైన్ రైఫిళ్ళని 1997 ఆగస్టులో రీకాల్ చేసింది, నంబరులో చివరి రెండంకెలు 95 లేదా 96 ఉంటే అవి కాల్చకూడదు. ఇన్నేళ్ళయినా అవి చేతులు మారుతూనే ఉన్నాయి.

కర్ర, కడ్డీ

కర్రలో పగుళ్ళు మూడు చోట్ల చూడండి: పిడి సన్నబడే చోట, లాక్ వెనక కొసన, గొట్టాన్ని పట్టి ఉంచే చీల దగ్గర. వార్నిష్ మీది గీతా, పగులా తెలియకపోతే బొటనవేళ్ళతో రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, పగులైతే గీత తెరుచుకుని మూసుకుంటుంది. పిడి దగ్గర పగులుంటే వెనక్కి పంపండి. చీల దగ్గర వెంట్రుకంత ఉంటే పల్చటి జిగురు ఎక్కించి బతికించొచ్చు. రంగు తేడా, ఇత్తడి దగ్గర సందు, ఇవన్నీ కంటికి ముల్లు తప్ప కాల్చడానికి అడ్డం కావు.

కడ్డీని మాత్రం ఎవరూ చూడరు. చూడాల్సింది అదే. చెక్క కడ్డీ తీసుకుని దాని మీద చారల వెంట వేలు జరపండి. చారలు ఈ కొస నుంచి ఆ కొసదాకా కడ్డీ వెంటే సాగాలి. మధ్యలో పక్కకి ఏటవాలుగా బయటికి పోతే, దట్టించేటప్పుడు సరిగ్గా అక్కడే ఏటవాలుగా విరుగుతుంది, విరిగిన మొన ఈటె లాంటిది, అరచేతిలోంచి దిగుతుంది. పట్టుకునేటప్పుడు జానెడు జానెడుగా పట్టుకుని దట్టించమనేది అందుకే. తర్వాత కొసన ఉన్న ఇత్తడి తొడుగు. చవకవాటిలో అది జిగురుతో అంటించి వదిలేస్తారు. శుభ్రం చేస్తుంటే జాగ్, గుడ్డ, తొడుగు మొత్తం గొట్టం అడుగున ఉండిపోయి ఉత్త కర్ర చేతికొస్తుంది. అడ్డంగా సన్న బెజ్జం తొలిచి ఇత్తడి మేకు దిగ్గొట్టి రెండు వైపులా అరగదీస్తే పావుగంట పని. అంత కూడా వద్దనుకుంటే ఫైబర్‌గ్లాస్ కడ్డీ కొనుక్కోండి.

సైట్లు: వెనకది వేలితో నెడితే కదిలితే ఒక చుక్క లాక్‌టైట్ (కదలకుండా పట్టే జిగురు). ముందు సైటు మరీ ఎత్తుగా ఉండి గుండు కిందకి పడుతుంటే తిట్టకండి, కొన్ని రకాల్లో అది కావాలనే అలా పెడతారు, మీరు ఆకురాయితో కొద్దికొద్దిగా తగ్గించుకోడానికి.

మొదటి రోజు

గొట్టం మీద రాసిన మందు రకమే, పుస్తకంలో రాసిన తక్కువ కొలతతో మొదలుపెట్టండి, గరిష్ఠం నుంచి కాదు. నల్లమందు కోసం చేసిన తుపాకీలో పొగలేని మందు ఒక్క చిటికెడు కూడా కలపకూడదు, ఎవరు చెప్పినా సరే. కళ్ళద్దాలు, చెవులకి మఫ్‌లు. గుండు మందు మీద పూర్తిగా ఆనేదాకా దట్టించి, కడ్డీ మీద మూతి దగ్గర గీత పెట్టుకోండి, ప్రతిసారీ ఆ గీత దాకా వెళ్ళాలి. మధ్యలో ఆగిన గుండు మంచి గొట్టాన్ని కూడా ఉబ్బిస్తుంది. పేలకపోతే మూతి గురి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి.

మొదటి పది గుండ్లకి పేజీ పెట్టుకుని రాయండి: మందు ఎంత, గుండు ఎంత, మొదటి దెబ్బకే పేలిందా, గుడ్డ ఎలా ఉంది. నలుగురు కస్టమర్ కేర్ వాళ్ళతో మాట్లాడిన అనుభవంతో చెప్తున్నా, "గురి కుదరట్లేదు" అంటే శుభ్రం చేసి చూడమంటారు, "పది క్యాపుల్లో నాలుగు పేలలేదు, ఆకు పరీక్షలో కదలలేదు, నిపుల్ మార్చినా అంతే, గుడ్డలు ఇవిగో" అని ఫోటోలు పెడితే తుపాకీ మార్చి ఇస్తారు. అందుకే వెనక్కి పంపే ఆలోచన ఏమాత్రం ఉన్నా ఆకురాయి, గరుకు కాగితం ముట్టుకోకండి, మీ చెయ్యి పడిందని తెలిస్తే వారంటీ అక్కడితో సరి. ముందు చూడండి, రాయండి, ఫోటో తీయండి, అడగండి. వాళ్ళు కాదన్నాకే పనిముట్ల పెట్టె తెరవండి.

సాయంత్రం ఇంటికి రాగానే వేడి సబ్బునీళ్ళతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించండి. పొద్దున చేద్దాంలే అనుకుంటే పొద్దున్నే ఆ ఇటుక రంగు గుడ్డ మీరే తీస్తారు.